మీకు తెలుసా? నల్లరేగడి మింగేసే గడ్డి మందు

కడప జిల్లా పెద్దముడియం నల్లరేగడి తడిస్తే కాలికి బంకలా పట్టుకుంటుంది కదా, అందుకు కారణం మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను. పారాక్వాట్ అనే గడ్డి మందు నేలను తాకగానే ఈ మన్ను దాన్ని పట్టేసుకుని ఇక వదలదు. పారాక్వాట్ మింగిన పశువుకు డాక్టర్లు నీళ్లలో కలిపి పట్టించే బెంటోనైట్ పొడిలో ఉండేదీ ప్రధానంగా ఈ మన్నే! అలాగని చేలో మట్టి తెచ్చి గొంతులో పోసేరు, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

శనగ విత్తిన ఒకటి రెండు రోజుల్లో కొట్టే పెండిమిథాలిన్ అనే కలుపు మందుతో పశువుకు పెద్ద పేచీ లేదు. అప్పటికి మేయడానికి అక్కడ గడ్డే మొలిచి ఉండదు. భయమంతా గట్ల దగ్గరే. పచ్చగడ్డి మీద పడ్డ పారాక్వాట్ చుక్కకు మట్టి అడ్డం రాదు. అది మేస్తే నోరు, నాలుక, గొంతు పుండ్లు పడి చొంగ కారుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కయితే కక్కేస్తుంది, ఆవుకూ గేదెకూ ఆ వీలు లేదు. కడుపు కుదుటపడిందనుకున్నాక ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం మొదలవుతుంది.

2,4-డి అనే కలుపు మందు తీరు వేరు. పశువు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూడండి, నిమిషానికి ఒకటి రెండు సార్లు పొట్ట కదలిక చేతికి తగులుతుంది. ఈ మందు ఎక్కువగా కడుపులో పడితే ఆ కదలిక మందగిస్తుంది, నెమరు ఆగుతుంది, డొక్క ఉబ్బుతుంది. ఇంకో చిక్కుంది. ఈ మందు పడిన తోటకూర జాతి కలుపులో ఒక్కోసారి నైట్రేట్ పేరుకుంటుంది. పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మార్చేస్తే, రక్తం ప్రాణవాయువును మోయలేక చాక్లెట్ రంగుకు తిరుగుతుంది.

లేత జొన్న మేసి నాము (సైనైడ్ విషం) తగిలిన గొడ్డూ నైట్రేట్ విషం ఎక్కినదానిలాగే రొప్పుతూ కూలబడుతుంది. కానీ నాములో రక్తం ఎర్రగా మెరుస్తుంది. మందులూ వేరే: నాముకు ప్రధానంగా సోడియం థయోసల్ఫేట్, నైట్రేట్‌కు మిథిలీన్ బ్లూ. అందుకే ఊళ్లో ఎవరో చెప్పిన నాటు వైద్యంతో పొద్దు పుచ్చడం నాకు నచ్చదు.

సంచార పశువైద్య అంబులెన్సు నంబరు 1962. పారాక్వాట్ తొలిసారి బజారుకొచ్చిన ఏడు కూడా 1962! డాక్టరొచ్చేసరికి కొట్టిన మందు డబ్బా వెతికి పెట్టండి, ఏ మందో తెలిస్తే సగం పని అయినట్టే.