ఆగడం నేర్పేది ఆటలే

‘మావాడు ఒకచోట కుదురుగా కూర్చోడు. చెప్పిన పని సగంలో మరచిపోతాడు. అడిగింది వెంటనే ఇవ్వకపోతే నేలమీద పడి దొర్లుతాడు’ అని చిన్నపిల్లల తల్లులు వాపోవడం ప్రతి ఊరిలోనూ వినిపించేదే. కొందరు దీనిని మొండితనమంటారు. బడిలో వేస్తే పంతులుగారి బెత్తమే దారికి తెస్తుందని మరికొందరు సరిపెట్టుకుంటారు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. చట్టం మాట అలా ఉంచినా, బెత్తంతో కుదిరే వ్యవహారం కాదిది. నాలుగైదేళ్ల వయసులో ఆ శక్తి ఇంకా మొలక దశలోనే ఉంటుంది. దానికి నీరు పోయవలసింది ఇల్లే.

మూడు శక్తులు

మనస్తత్వ శాస్త్రజ్ఞులు వీటిని కార్యనిర్వాహక నైపుణ్యాలు అంటారు. పేరు పెద్దదైనా విషయం తేలికే. మొదటిది, చెప్పిన మాటను పని పూర్తయ్యేవరకు మనసులో నిలుపుకోవడం. రెండవది, చెయ్యి చాచబోయి, నోరు జారబోయి ఆగగలగడం. మూడవది, ఒక దారి కుదరకపోతే మరొక దారి చూసుకోవడం. వీటిని నడిపించేది మెదడులో నుదుటి వెనుక ఉండే భాగం. 3 నుంచి 5 ఏళ్ల మధ్య ఈ శక్తులు వేగంగా పెరుగుతాయి. ఇరవయ్యో ఏడు దాటిన తరువాత కూడా ఆ భాగం ఎదుగుదల సాగుతూనే ఉంటుంది.

న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లలను శాస్త్రజ్ఞులు పెద్దయ్యేవరకు గమనిస్తూ వచ్చారు. చిన్ననాడు తమను తాము అదుపులో పెట్టుకోగలిగినవారు 32 ఏళ్ల వయసుకు ఆరోగ్యంలోనూ, డబ్బు వ్యవహారాలలోనూ మెరుగ్గా ఉన్నట్లు 2011లో వెల్లడించారు. అంటే ఇది కేవలం బడి మార్కుల సంగతి కాదు.

మన అరుగుల మీదే ఉన్నాయి

దీనికి పట్నం నుంచి ఖరీదైన బొమ్మలు తేనక్కరలేదు. మన ఆటలలోనే ఈ శిక్షణ ఉంది.

‘కాకి ఎగిరింది’ అంటే చేతులెత్తాలి. ‘గేదె ఎగిరింది’ అంటే ఎత్తకూడదు. ఎత్తబోయిన చేతిని ఆపుకోవడమే ఇందులోని కిటుకు. మూడేళ్లు నిండిన పిల్లలు దీనిని నవ్వుతూ ఆడతారు. దాగుడుమూతలలో దొంగ పక్కనుంచే వెళుతున్నా కిక్కురుమనకుండా ఉండాలి. నేల-బండ ఆటలో ఎక్కడ నిలబడితే భద్రమో ఆట ఆటకూ మారుతుంది. కాబట్టి పాత నియమాన్ని వెంటనే వదులుకోవాలి.

ఐదారేళ్లు వచ్చాక అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడించవచ్చు. ఏ కాయను జరిపితే ఇల్లు చేరుతుంది, ఏది జరిపితే చచ్చిపోతుంది అని లెక్క వేసుకోవడం, పక్కవాడి పందెం అయ్యేవరకు గవ్వలు ముట్టకుండా ఉండడం చిన్న విషయాలు కావు. ఓడిన పిల్లవాడు ఏడిస్తే వెక్కిరించరాదు. ప్రతిసారీ కావాలని గెలిపించడమూ మంచిది కాదు. ‘ఇంకో ఆట వేద్దాం రా’ అంటే చాలు.

బొమ్మల పెళ్ళి, ఉత్తుత్తి వంట, బస్సు కండక్టరు వంటి ఆటలను పెద్దలు పనికిమాలినవిగా చూస్తారు. సోవియట్ రష్యాలో మనుయిలెంకో జరిపి 1948లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగినది. ఊరికే కదలకుండా నిలబడమంటే చిన్నపిల్లలు కొద్దిసేపే నిలబడ్డారు. నువ్వు కాపలా సిపాయివని చెబితే అంతకంటే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. వేషం వేసుకున్నవాడు ఆ వేషానికి తగినట్లు తనను తాను అదుపు చేసుకుంటాడన్నమాట.

మాట తప్పితే ఎందుకు ఆగుతారు?

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 28 మందిని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. మంచి రంగుబలపాలు తెస్తామని చెప్పి సగంమందికి తెచ్చి ఇచ్చారు. తక్కిన సగానికి చెప్పి, ఉత్త చేతులతో వచ్చారు. తరువాత పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఉంటే రెండోది ఇస్తామన్నారు. మాట నిలుపుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలే ఆగారు.

సంత నుంచి జీళ్ళు తెస్తానని తండ్రి ఊరికే అని వెళ్ళడం, ఏడుపు మానితే తీర్థానికి తీసుకుపోతానని తల్లి మాటవరసకు అనడం మన ఇళ్ళలో మామూలే. పదిసార్లు మోసపోయిన పిల్లవాడు పదకొండోసారి ఆగడం తెలివితక్కువ పని అనుకుంటాడు. చేయగలిగినదే చెప్పాలి. చెప్పినది చేయాలి. డబ్బు లేక తేలేకపోతే ఆ సంగతే చెప్పాలి.

ఇంటి పనిలోనూ శిక్షణే

పొద్దుపోయేవేళ కోడిపిల్లలను లెక్కపెట్టి గంప కింద మూయడం, భోజనాలకు ముందు అందరికీ పళ్ళాలు పెట్టడం వంటి పనులు పిల్లలకు అప్పగించవచ్చు. మొదట ఒక్క పనే చెప్పాలి. అది కుదిరాక ‘కాళ్ళు కడుక్కో, తరువాత పళ్ళెం తే’ అని రెండు చెప్పాలి.

నాయనమ్మ, అమ్మమ్మ చెప్పే కథల విలువ తక్కువ కాదు. ఎండని చేప దగ్గర మొదలై చీమ దగ్గర ముగిసే ఏడు చేపల కథను వరుస తప్పకుండా తిరిగి చెప్పడం చక్కని జ్ఞాపకశక్తి సాధన. మధ్యలో ఆపి ‘ఆ తరువాత?’ అని అడగాలి.

అన్నం తినిపించడానికి సెల్‌ఫోను చేతికివ్వడం ఇప్పుడు పల్లెల్లోనూ అలవాటైంది. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే చూపరాదని, 2 నుంచి 4 ఏళ్లవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను పిల్లవాడి నోరు మూయిస్తుంది గాని, తన వంతు కోసం ఆగడం నేర్పదు.

అంగన్‌వాడీలో పిల్లలు ఆడుకుంటుంటే ‘చదువేమీ చెప్పడం లేదు’ అని కోప్పడేవారున్నారు. కేంద్రం 2024లో 3 నుంచి 6 ఏళ్లవారి కోసం ప్రకటించిన ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక కూడా ఆటలకే ప్రాధాన్యమిచ్చింది. ఏ ఆటలు ఆడిస్తున్నారో టీచరును అడిగి తెలుసుకుని, అవే ఇంటి దగ్గర ఆడించడం మేలు. కూలిపనికి పోయి వచ్చే తల్లిదండ్రులకు తీరిక తక్కువే. అయినా పొయ్యిమీద అన్నం ఉడికేలోగా ఒక ఆట ముగుస్తుంది. తాతలు, అక్కలు, అన్నలు కూడా అందులో కలిస్తే పిల్లలకు అంతకంటే కావలసినది లేదు.