చోటు తప్పిన ప్రోస్టేట్ కణజాలం: క్యాన్సర్ నిర్ధారణ ఎలా?

మూత్రంలో రక్తం కనబడి, స్కానింగులో గడ్డ బయటపడితే హిందూపురం, మడకశిర, కుప్పం ప్రాంతాలవారు బెంగళూరు బస్సెక్కుతారు. 1973లో స్థాపితమైన అక్కడి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి సరిహద్దు గ్రామాలకు చిరపరిచితమే.

పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం దిగువన ఉంటుంది. ఆ కణజాలం కొందరిలో మూత్రాశయంలోనో, మూత్రనాళంలోనో కూడ కానవస్తుంది. పిండదశలోనే అది అక్కడ మిగిలిపోతుందని ఒక భావన. సాధారణంగా దానివల్ల హాని లేదు. బహు అరుదుగా అందులో క్యాన్సర్ పుడుతుంది. చిక్కంతా అప్పుడే. చూపునకు అది మూత్రాశయ క్యాన్సర్ వలెనే ఉంటుంది, చికిత్స మాత్రం వేరు. మూత్రాశయ క్యాన్సర్ కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తొలగించవలసి రావచ్చు. ప్రోస్టేట్ జాతిదైతే పురుష హార్మోనును అణచే మందులకు లొంగే అవకాశం ఉంది.

అందుచేత మామూలు ముక్క పరీక్షతో ఆగరాదు. పి.ఎస్.ఎ., ఎన్.కె.ఎక్స్.3.1 అను ప్రోటీన్ల కొరకు అదే ముక్కపై రంగు పరీక్ష జరపాలి. రంగు పట్టినా పని ముగియదు. అసలు గ్రంథిలో పుట్టి పాకినది కాదని ఎమ్మారై, గ్రంథి బయాప్సీలతో తేలాలి. రక్తంలో పి.ఎస్.ఎ. మామూలుగా ఉన్నంత మాత్రాన సందేహం తీరదు.

మనవారు తరచు రిపోర్టు కాగితంతోనే బయలుదేరుతారు. అది చాలదు. బయాప్సీ చేసినచోట మైనపు బ్లాకులను, స్లైడ్లను అడిగి వెంట తీసుకొనిపోవాలి. రంగు పరీక్ష వాటిపైనే చేస్తారు. రోగికి మరల ముక్క తీసే బాధ తప్పవచ్చు.