సిమెంట్ పూస్తే పాడైంది.. మట్టి పూస్తే నిలిచింది! 200 ఏళ్ల చర్చి కథ

అమెరికాలోని న్యూ మెక్సికోలో, రాంచోస్ డి టావోస్ అనే ఊళ్లో శాన్ ఫ్రాన్సిస్కో డి అసిస్ చర్చి ఉంది. 200 ఏళ్ల కిందటి కట్టడం. అంతా పచ్చి ఇటుకే, అంటే ఎండబెట్టిందే తప్ప కాల్చింది కాదు. మాటిమాటికీ మట్టి పూత ఎందుకని 1967లో గోడలకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. అక్కడే తేడా కొట్టింది.

మట్టి గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంట్ ఆ తడిని బయటకు పోనివ్వదు. పగుళ్లలోంచి దిగిన నీళ్లు లోపలే ఉండిపోయి ఇటుకలు మెత్తబడ్డాయి. పైకి గట్టిగా కనిపించడమే అసలు ప్రమాదం!

చివరికి 1979లో సిమెంట్ మొత్తం ఒలిచేసి మళ్లీ మట్టే పూశారు. ఇప్పుడు ఏటా వేసవిలో ఊరివాళ్లే మట్టి, గడ్డి కలిపి గోడలకు మెత్తుతారు. పెయింటర్ జార్జియా ఓకీఫ్ బొమ్మలు గీసింది ఈ గోడలవే.