చిరునామా: మానా క్యాంప్

దేశ విభజన తరిమిన బెంగాలీ దళితులు దండకారణ్యం చేరి ఆరు దశాబ్దాలు దాటింది. మూడో తరానికీ కాగితాల కష్టాలు తీరలేదు

రాయ్‌పూర్‌లో విమానం దిగే ప్రయాణికుడు కాలుపెట్టేది మానా నేల మీద. స్వామి వివేకానంద పేరున్న ఆ విమానాశ్రయానికి చేరువలోని ఊరిని ఇప్పటికీ మానా క్యాంప్ అనే అంటారు. గుడారాలు ఏనాడో పోయాయి, నగర పంచాయతీ వచ్చింది, క్యాంప్ అన్న మాట మాత్రం పోలేదు. దక్షిణాన కాంకేర్ జిల్లా పఖాంజూర్ వైపు వెళ్తే ఊళ్లకు పేర్ల బదులు నంబర్లే వినిపిస్తాయి. పీవీ అంటే పరల్‌కోట్ విలేజ్, దాని పక్కన ఓ అంకె. ఒడిషాలోని మల్కన్‌గిరికి వెళ్తే అదే ఎంవీ. గోండుల, కోయల అడవి మధ్య ఈ ఊళ్లలో బెంగాలీ మాట్లాడతారు, చెరువులు తవ్వి చేపలు పెంచుతారు.

తెలుగువారికి దండకారణ్యం అంటే రాముడి వనవాసం, లేదంటే మావోయిస్టులు. ఢిల్లీ ఫైళ్లలో మాత్రం అది 1958లో మొదలైన పునరావాస ప్రాజెక్టు. బ్రిటిష్ పాలన ముగుస్తూ బెంగాల్‌ను రెండుగా చీల్చినప్పుడు ఆస్తి, చదువు ఉన్న అగ్రవర్ణ హిందువులు ముందే కలకత్తా చేరారు. బరిసాల్, ఖుల్నా, ఫరీద్‌పూర్ జిల్లాల నామశూద్ర రైతులు, జాలర్లు ఉన్నచోటే ఉండిపోయారు. తమ నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి కావడం వారికో భరోసా. 1950 అల్లర్ల తర్వాత మండల్ స్వయంగా రాజీనామా చేసి భారత్‌కు వచ్చేయడంతో అదీ పోయింది. 1964 జనవరిలో ఖుల్నా, ఢాకాల్లో చెలరేగిన హింస మరో వెల్లువను సరిహద్దు దాటించింది. దాన్ని మళ్లించిన ప్రధాన మజిలీయే మానా.

ఇక్కడే సర్కారు లెక్క తెలుస్తుంది. 1958 మార్చి తర్వాత, 1963 డిసెంబర్ లోపు వచ్చినవారికి పునరావాసమే లేదు. 1964 జనవరి నుంచి 1971 మార్చి 25 వరకు వచ్చినవారికి ఉంది, పశ్చిమ బెంగాల్ వెలుపలకు వెళ్లేందుకు ఒప్పుకుంటేనే. ఆ తర్వాత, యుద్ధ సమయంలో వచ్చిన దాదాపు కోటి మంది తిరిగి వెళ్లిపోవాల్సినవారు. ఒకే ఊరు, ఒకే కులం, ఒకే భయం. అయినా సరిహద్దు దాటిన తేదీయే తలరాతను నిర్ణయించింది.

వెళ్లనన్నవారికి ఏమైందో మనోరంజన్ బ్యాపారి కుటుంబ కథ చెబుతుంది. బరిసాల్‌లో పుట్టిన ఆయన పసివాడిగా తల్లిదండ్రులతో బాంకురా జిల్లా శిరోమణిపూర్ శిబిరానికి చేరారు. దండకారణ్యానికి కదలమని తండ్రి అన్నందుకు సర్కారిచ్చే భత్యం ఆగిపోయింది, ఆకలి మొదలైంది. కొడుకు ఇల్లు విడిచి టీ దుకాణాల్లో పనిచేశారు, నక్సలైట్ ఉద్యమంలో తిరిగారు, జైలుకెళ్లి అక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. కలకత్తాలో రిక్షా తొక్కుతున్న రోజుల్లో ఓ ప్రయాణికురాలిని 'జిజీవిష' అంటే అర్థమేమిటని అడిగారు. ఆమె మహాశ్వేతాదేవి. తన పత్రికలో రాయమన్నది ఆమే. తండ్రి తప్పించుకున్న నేలకు కొడుకు తర్వాత తనంతట తానే వచ్చారు. గని కార్మికుల నేత శంకర్ గుహా నియోగి వెంట ఛత్తీస్‌గఢ్‌లో పనిచేశారు. 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లో నియోగి హత్యకు గురయ్యారు. కొన్నేళ్లకు కలకత్తా తిరిగెళ్లి ఓ పాఠశాలలో వంటవాడిగా ఉంటూ రాసిన ఆత్మకథ ఆంగ్లానువాదానికి 2018 హిందూ బహుమతి వచ్చింది. 2021లో ఆయన శాసనసభ్యుడయ్యారు. ఇలాంటి ముగింపు నూటికో కోటికో ఒకరికి.

వెళ్లినవారి కథ వేరు. నీళ్లలో పుట్టి పెరిగిన రైతుకు రాళ్ల నేల ఇచ్చారు. ప్రాజెక్టుకు చైర్మన్‌గా ఉండి తప్పుకున్న శైబల్ కుమార్ గుప్తా 1965లో ఎకనమిక్ వీక్లీలో ఆ భూముల నాసితనాన్ని, సాగునీటి లేమిని ఎండగట్టారు. ఆదివాసులకు ఆ నేల ఖాళీ స్థలం కాదు, తమ అడవి. ఆ సంగతి వారినెవరూ అడగలేదు. ఒక నిర్వాసితుడికి నీడనిచ్చేందుకు ఇంకొకరి చెట్టు నరకడం అప్పట్లో అభివృద్ధి కిందే లెక్క.

ప్రతిపక్షంలో ఉన్నంతకాలం శరణార్థులను బెంగాల్‌లోనే ఉంచాలన్న వామపక్షాలు 1977లో అధికారంలోకి వచ్చాయి. ఆ మాట నమ్మి 1978లో వేలాది కుటుంబాలు గొడ్డూగోదా అమ్ముకుని దండకారణ్యం విడిచాయి. సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో సుమారు 30 వేల మంది గుడిసెలు వేసుకున్నారు, బడి కట్టుకున్నారు. అది రిజర్వు అడవి అంది జ్యోతిబసు ప్రభుత్వం. 1979 జనవరి చివరి వారంలో దీవిని దిగ్బంధించి తిండి, నీళ్లు ఆపేశారు. 31న కాల్పులు, మేలో గుడిసెలకు నిప్పు. కాల్పుల్లో చనిపోయింది ఇద్దరేనని సర్కారు, మొత్తం మృతులు వందల్లో ఉంటారని బతికి బయటపడ్డవారు చెప్పారు. ఆ పోలీసు దాడిలోనే తన తండ్రి పక్కటెముకలు విరిగాయని బ్యాపారి రాసుకున్నారు. మిగిలినవారిలో చాలామందిని మళ్లీ రైలెక్కించి దండకారణ్యానికే పంపారు. ఓ తరం రెండోసారి అదే దారిన నడిచింది.

తెలుగు నేలకూ ఈ కథలో వాటా ఉంది. కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ తూర్పు బెంగాల్ కాందిశీకుల ఊళ్లే. అదే దశాబ్దంలో నె విన్ సైనిక ప్రభుత్వం అన్నీ జాతీయం చేయగా రంగూన్ నుంచి ఓడల్లో విశాఖ చేరిన తెలుగువారి బర్మా కాలనీలనూ ఇక్కడే గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు సమస్య కాగితాలది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుట్టినవారికి తల్లి లేదా తండ్రి పౌరసత్వం రుజువు కావాలి, 2004 డిసెంబర్ నుంచి షరతు ఇంకా బిగిసింది. 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందువులకు పౌరసత్వమిచ్చే 2019 చట్టానికి నిబంధనలు 2024 మార్చిలో గానీ రాలేదు. అవి అడిగే పత్రాల్లో మొదటిది, ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారో ఆ దేశం ఆనవాలు. అర్ధరాత్రి నది దాటినవారు ఏం తెచ్చుకుని ఉంటారు?

కులం సంగతి మరీ విచిత్రం. నామశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో ఎస్సీలు, ఒడిషాలోనూ ఎస్సీలే. ఛత్తీస్‌గఢ్ జాబితాలో ఆ పేరు లేదు. మానా నుంచి ఒకేరోజు రెండు లారీలెక్కిన అన్నదమ్ముల్లో మల్కన్‌గిరిలో దిగినవాడి మనవడికి ఆ సర్టిఫికెట్ దొరుకుతుంది. పఖాంజూర్‌లో దిగినవాడి మనవడు జనరల్ కోటాలో దరఖాస్తు పెట్టుకుంటాడు.