ఇంటిలో చక్కెర పరీక్ష: మధుమేహము క్రొత్తగా బయటపడిన వారి కొరకు

గ్రామములో ఒక ఇంటి యజమానికి మధుమేహము కలదని వైద్యుడు నిర్ధారణ చేసిన వారము దినములలోనే ఒక చిన్న యంత్రము పట్నమునుండి ఆ ఇంటికి వచ్చుట నేడు సామాన్య విషయమైనది. కుమారుడో, అల్లుడో దానిని కొని తెచ్చును. మొదటి దినములలో ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగువారును వ్రేలు గ్రుచ్చుకొని అంకెలు చూచుకొందురు. రెండవ నెలకు స్ట్రిప్పులు అయిపోవును. యంత్రము అటకమీదికి చేరును. ఈ నడుమ ఆ అంకెలను చూచి కొందరు భయపడి తిండి మానుదురు. కొందరు ధైర్యము వచ్చి మందు మానుదురు. రెండును కీడే. ఇట్టి సమయములందు పంచాయతీ సభ్యులను సలహా అడుగువారు పలువురు ఉందురు కనుక, ఈ యంత్రము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో ఇచట వివరింపదలచితిమి.

ఇది పట్టణములలో కూర్చుండి పనిచేయు వారి వ్యాధి అను అభిప్రాయము ఇంకను పూర్తిగా పోలేదు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రచురింపబడిన దేశవ్యాప్త సర్వే ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము గలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో నిలిచియున్నారు. ఇందులో పల్లెల వాటా స్వల్పము కాదు.

మూత్రమునకు చీమలు పట్టినచో చక్కెర వ్యాధి అని మన పెద్దలు గుర్తించెడివారు. మధుమేహమను పేరే ఆ తీపినిబట్టి వచ్చినది. తరువాతి కాలములో ఆసుపత్రులలో మూత్రమును నీలి రంగు ద్రావకముతో కాచి చూచెడివారు. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడైన బెనెడిక్టు పేర ప్రసిద్ధమైన ఆ ద్రావకము, చక్కెర యున్నకొలది పచ్చగను, పసుపుగను, తుదకు ఇటుక రంగుగను మారెడిది. అయితే రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన పిదప గాని అది మూత్రములోనికి దిగదు. అనగా మూత్ర పరీక్షలో ఏమియు కనుపించనంత మాత్రమున వ్యాధి అదుపులో నున్నదని చెప్పుటకు వీలు లేకుండెను. 1965లో రక్తపు చుక్కకు రంగు మారు స్ట్రిప్పులు వచ్చినవి. కొలది సంవత్సరములకు ఆ రంగును చదువు యంత్రము వచ్చినది. అది బరువైనది, ఖరీదైనది, వైద్యుని బల్లమీద ఉండదగినది. నేటి యంత్రము రంగును చూడదు. స్ట్రిప్పు కొనయందు ఒక ఎంజైము గలదు. అది రక్తములోని గ్లూకోజుతో కలిసినప్పుడు అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును కొలిచి యంత్రము అంకెగా చూపును.

ఆ అంకె 100 మిల్లీలీటర్ల రక్తములో ఎన్ని మిల్లీగ్రాముల చక్కెర గలదో తెలుపును. అది తాసులో తూచిన తూకము వంటిది కాదని మొదటనే గ్రహింపవలెను. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, ప్రయోగశాల విలువ 100 గాని అంతకు మించి గాని యున్నప్పుడు యంత్రము నూటికి 15 వంతుల వరకు హెచ్చు తగ్గులు చూపవచ్చును. నూరు పరీక్షలలో 95 ఈ హద్దులో నున్న చాలును. అసలు విలువ 120 అయినచో యంత్రము 105 అనినను, 135 అనినను అది చెడిపోయినట్లు కాదు. నిన్న 118, నేడు 127 వచ్చినదని ఇంట కలత పడువారికి ఈ సంగతి చెప్పవలెను. ఈ కారణముననే వ్యాధి కలదో లేదో తేల్చుటకు ఇంటి యంత్రము పనికిరాదు. నరమునుండి తీసిన రక్తమును ప్రయోగశాలలో పరీక్షించి, పరగడుపున 126 గాని అంతకు మించి గాని యున్నప్పుడు, లేదా గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపు హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష 6.5 శాతము గాని అంతకు మించి గాని యున్నప్పుడు వైద్యులు మధుమేహమని నిర్ణయింతురు. స్పష్టమైన లక్షణములు లేనివారికి మరియొక పరీక్షతో దానిని ధ్రువపరచుకొందురు.

ఇక పరీక్ష చేసికొను విధము. ఇందు అన్నిటికంటె ముఖ్యమైనది చేతులు కడుగుకొనుట. ఇది శుభ్రత కొరకు చెప్పు మాట మాత్రమే కాదు. ఒక వేసవిలో మేము పర్యటనలో నుండగా ఒక గ్రామమున ఒక పెద్దమనిషి తన యంత్రములో 310 వచ్చినదని గాబరాపడుచు మాకు చూపినారు. మామిడిపండు రసము తీసి మనుమలకిచ్చి, చేయి పంచెకు తుడుచుకొని పరీక్ష చేసికొన్నారట! సబ్బుతో చేయి కడిగించి, ఆరిన పిదప మరల చూడగా 164 వచ్చినది. పరీక్షకు కావలసిన రక్తము ఆవగింజంత. వ్రేలిపై కంటికి కనుపించని తీపి యున్నను ఆ చుక్కలోనికి చేరిపోవును. బెల్లము, చెరకు, పండ్లు ముట్టినవారు దీనిని మరువరాదు. కడిగిన చేయి పూర్తిగా ఆరవలెను. తడి యున్నచో రక్తము పలుచనై అంకె తగ్గవచ్చును. వ్రేలి కొన నడుమ గాక ప్రక్కన గ్రుచ్చినచో నొప్పి తక్కువ. రక్తము రానిచో చేతిని క్రిందికి వ్రేలాడదీసి కొంచెము మర్దన చేయవలెనే గాని వ్రేలిని పిండరాదు.

స్ట్రిప్పులకు తేమయు, ఎండయు శత్రువులు. సీసా మూత వెంటనే బిగింపవలెను. మన వేసవిలో రేకుల ఇంటిలో కిటికీ ప్రక్కన గాని, మోటారు సైకిలు పెట్టెలో గాని ఉంచిన స్ట్రిప్పులు గడువు తీరకముందే చెడును. గడువు తేదీ సీసా మీదనే యుండును. ఒక యంత్రపు స్ట్రిప్పు మరియొక దానికి పనికిరాదు. యంత్రము చౌకగా వచ్చినను ఖర్చంతయు స్ట్రిప్పుల వద్దనే యున్నదని కొనుటకు ముందే తెలిసికొనుట మంచిది. రక్తహీనత గల స్త్రీలకు యంత్రము ఉన్నదానికంటె హెచ్చు చూపు అవకాశము గలదు. అట్టివారు ఆ సంగతిని వైద్యునికి తెలుపవలెను.

ఎన్ని మారులు పరీక్ష చేసికొనవలెనను ప్రశ్నకు జవాబు అందరికి ఒకటి కాదు. ఇన్సులిను వాడువారికి పరీక్ష తప్పనిసరి. ఎప్పుడెప్పుడు చేయవలెనో వైద్యుడు చెప్పును. పథ్యముతోను, మెట్‌ఫార్మిన్ వంటి బిళ్ళతోను నడచు క్రొత్త రోగులకు ప్రతి దినము పరీక్ష అవసరము లేదు. ఇన్సులిను వాడని వారిపై జరిగిన పరిశోధనలను 2012లో కోక్రేన్ సంస్థవారు సమీక్షించి, ఇంటి పరీక్షవలన మొదటి ఆరు నెలలలో కలుగు మేలు స్వల్పమనియు, సంవత్సరము తిరుగునప్పటికి అదియు మిగులుట లేదనియు తేల్చిరి. అంకెను చూచి ఊరకుండువారికి దానివలన ప్రయోజనమేమి? అంకెనుబట్టి కంచములో ఏదైన మారినప్పుడే స్ట్రిప్పుకు పెట్టిన డబ్బు సార్థకము.

కనుక మొదటి రెండు మూడు వారములు జంట పరీక్షలు చేయుట మేలని మా అభిప్రాయము. భోజనమునకు ముందు ఒకమారు, మొదటి ముద్ద తిన్నది మొదలు రెండు గంటలకు మరియొకమారు చూచి, రెండు అంకెలను, తిన్న పదార్థములను ఒక పుస్తకములో వ్రాయవలెను. ఒకనాడు ఎప్పటివలె కంచము నిండ అన్నము, పప్పుచారు తిని చూడుడు. మరియొకనాడు అన్నము సగము చేసి, ఆకుకూర పప్పు, వేపుడు కాని కూర, మజ్జిగ హెచ్చించి చూడుడు. వేరొకనాడు జొన్నరొట్టె తిని చూడుడు. ఇంకొకనాడు భోజనానంతరము చెరువు గట్టుమీద పావుగంట నడచి చూడుడు. జొన్నలు, రాగులు ఎంత తిన్నను చక్కెర పెరగదని నమ్ము వారికి ఈ పుస్తకమే సమాధానము చెప్పును. రాగిసంకటి పెద్ద ముద్ద తిన్నచో అదియు పెంచును. సాధారణముగా పరగడుపున 80 నుండి 130 లోపలను, భోజనమైన రెండు గంటలకు 180 లోపలను ఉండుట మంచిదని చెప్పుదురు. వృద్ధులకును, ఇతర వ్యాధులు గలవారికిని వైద్యుడు ఈ హద్దులను సడలింపవచ్చును. ఈ పాఠము ముగిసిన తరువాత వారమునకు ఒకటి రెండు పరీక్షలతో సరిపెట్టుకొనవచ్చును. అదుపు కుదురువరకు మూడు నెలలకొకమారు హెచ్.బి.ఎ.1.సి. చేయించుకొనుటను మాత్రము మానరాదు. జ్వరము వచ్చినప్పుడును, కీళ్ల నొప్పులకో ఆయాసమునకో స్టీరాయిడు మందులు వాడినప్పుడును చక్కెర పెరుగును. అప్పుడు యంత్రమును మరల దింపవలెను. అంకె 300కు పైబడి నిలిచి, వాంతులో అలసటయో తోడైనచో ఇంట కూర్చుండి మరల మరల గ్రుచ్చుకొనుట తగదు, ఆసుపత్రికి పోవలెను.

మేము ఒక గ్రామసభలో ఈ విషయము చెప్పుచుండగా ఒక రైతు లేచి, "నాకు 108కి దిగిందండీ, అందుకని బిళ్ళలు మానేశాను. తగ్గాక ఇంక మందెందుకు?" అని అడిగినారు. సభలో పలువురు తల లూపినారు. ఆయన పుస్తకము తెప్పించి చూచితిమి. మందు మానిన ఇరువది దినములలో పరగడుపు అంకె 108 నుండి 190కి ఎక్కినది. ఆయన దానిని స్వహస్తముతో వ్రాసికొనియు, పోల్చి చూచికొనలేదు. 108 అనునది వ్యాధి పోయినదని చెప్పు అంకె కాదు, మందు పనిచేయుచున్నదని చెప్పు అంకె. వంతెన నిలిచియున్నదని స్తంభములు తీసివేయుదుమా? బరువు బాగుగా తగ్గి, మందు తగ్గింపదగినవారు కొందరు లేకపోలేదు. ఆ నిర్ణయము వైద్యునిది.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదము చేలలో పనిచేయువారికి గలదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని, ఇన్సులిను గాని తీసికొని, చద్దన్నమైన తినక నాట్లకో కోతలకో పోయినవారికి చక్కెర 70 కంటె దిగవచ్చును. చెమటలు, వణకు, గుండెదడ, కన్ను చీకట్లు క్రమ్ముట, మాట తడబడుట దాని గుర్తులు. దూరమునుండి చూచినవారు వడదెబ్బ యనియో, త్రాగినాడనియో భ్రమింతురు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల పరీక్షించి, పెరగనిచో మరల ఇచ్చి, పిదప భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. 108 వాహనమును పిలువవలెను. అట్టి మందులు వాడువారు ఉపవాస దినములందు మోతాదు సంగతి ముందుగా అడిగి తెలిసికొనవలెను. ట్రాక్టరు నడుపువారు ఎక్కకముందే అంకె చూచుకొనవలెను.

పంచాయతీకి నేరుగా సంబంధించిన సంగతి యొకటి మిగిలియున్నది. ముప్పది యేండ్లు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రములలో చక్కెర పరీక్ష ఉచితముగా జరుగుచున్నది. ఆశా కార్యకర్తలు ఇంటింటికి వచ్చి వివరములు వ్రాసికొందురు. ఈ పరీక్షలందును, గ్రామములో ఎవరైన జరుపు శిబిరములందును మనిషి మనిషికి క్రొత్త సూది వాడవలెను. సూదిని బిగించు కలము వంటి పరికరమును కూడ ఇంటిలో ఒకరిది ఒకరు వాడరాదు. కాలేయమును చెరచు హెపటైటిస్-బి వంటి వ్యాధులు కంటికి కనుపించనంత రక్తముతో సంక్రమించును. శిబిరము జరుగు చోట సభ్యులు నిలిచి దీనిని గమనింపవచ్చును.

వాడిన సూదులు ఎచటికి పోవుచున్నవి? చాలమంది ఇండ్లలో చెత్తబుట్టకే. ఆ చెత్తను చేతులతో వేరుచేయు పారిశుద్ధ్య కార్మికుని వ్రేలికి అవి గ్రుచ్చుకొనును. ఇంటిలో వాడిన సూదులను 2016 నాటి ఘనవ్యర్థ పదార్థముల నియమములు సాధారణ చెత్తనుండి వేరుచేసి, గృహ ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. మూత గల దళసరి ప్లాస్టిక్ సీసా ఒకటి ఇంట ఉంచి, సూదులను అందులో వేయుచు, మూడు వంతులు నిండగానే మూత బిగింపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు ఆసుపత్రి వ్యర్థములను పంపు ఏర్పాటు ఉండును గనుక, ఈ సీసాలను తీసికొనుటకు అచటి వైద్యాధికారితో మాటలాడి, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశములో తీర్మానము వ్రాసికొనవచ్చును. సీసాపై పెద్ద అక్షరములతో "వాడిన సూదులు" అని వ్రాయించి, నెలకొక దినము నిర్ణయించి, దానిని ముందుగా పారిశుద్ధ్య కార్మికులకు తెలియజేయవలెను.