వేడినూనె కార్ఖానాలలో వ్యాకోచపు తొట్టి

ధర్మవరములో పట్టునూలుకు రంగు వేయుటకు కాగిన నీరు చాలును. ఆ వేడి నూరు డిగ్రీలు దాటనక్కరలేదు. కాని హిందూపురము చెంత తూముకుంట, గొల్లాపురములయందు పారిశ్రామికవాడలు వెలసినవి. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ ఆరంభమైనది. పరిశ్రమలు పెరిగిన కొలది నూరు డిగ్రీలకు ఎంతో మించిన వేడి కోరు పనులును పెరుగును. తారు కరగించుట, రెసిన్లు వండుట, పూతలను గట్టిపరచుట అట్టివి.

నీటిని 250 డిగ్రీల వద్ద ఆవిరి కానీయక నిలుపవలెనన్న, వాతావరణపు ఒత్తిడికి సుమారు 40 రెట్ల ఒత్తిడి కావలెను. తగిన ఖనిజతైలమునకు ఆ వేడిలో అట్టి ఒత్తిడి అక్కరలేదు. పైగా మనది కరవుసీమ. ఈ పద్ధతిలో నీటి వ్యయము లేదు. కనుకనే పలు కార్ఖానాలలో థర్మిక్ ఫ్లూయిడ్ హీటరులో నూనెను కాచి, పంపుతో గొట్టములగుండ త్రిప్పి, మరల హీటరునకు చేర్చుదురు.

అయితే కాగిన నూనె ఉబ్బును. ప్రతి 100 డిగ్రీలకును దాని పరిమాణము నూటికి సుమారు 10 వంతులు పెరుగును. గొట్టములలోని 2,000 లీటర్ల నూనె 30 డిగ్రీల నుండి 280 డిగ్రీలకు కాగినదనుకొందము. అప్పుడు పెరుగుదల నూటికి 25 వంతులు, అనగా 500 లీటర్లు. దీనికి చోటు చూపునదే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, అనగా వ్యాకోచపు తొట్టి. చల్లగానున్నపుడు తొట్టి పావువంతు, పూర్తిగా కాగినపుడు ముప్పాతికవంతు నిండవలెనని వాడుకలోనున్న లెక్క. కనుక ఇచట 1,000 లీటర్ల తొట్టి కావలెను. అడుగున నిలిచిన 250 లీటర్లవలన పంపులో గాలి చొరదు; పైన 250 లీటర్ల చోటు మిగులును. నూనెల స్వభావము వేరువేరు గనుక తయారీదారు పట్టిక చూచియే లెక్క కట్టవలెను.

ఇక అమర్చు విధము. తొట్టి అన్నిటికంటె ఎత్తున ఉండవలెను. దాని గొట్టము పంపు పీల్చు వైపున కలియవలెను. ఆ దారిలో మూయదగిన వాల్వు ఉండరాదు. అది మూతపడినచో ఉబ్బిన నూనె గొట్టములను చీల్చును. ఆ గొట్టమును పొడవుగా, వేడి నిలుపు కవచము చుట్టక విడువవలెను. ఏలయన వేడినూనెకు గాలి తగిలిన అది చెడి మడ్డియగును. ఆ మడ్డి హీటరు గొట్టములలో పేరుకొని వానిని కాల్చివేయును. తొట్టిలోని నూనె 60 డిగ్రీలకు లోబడి ఉండుట మేలు; అది సాధ్యము కానిచోట నూనెపై నైట్రోజన్ వాయువును కప్పుదురు. నూనె మట్టము తగ్గినంతనే మంట ఆర్పు స్విచ్చి, పొర్లిన నూనెను నేలమీది మరొక తొట్టికి చేర్చు గొట్టము తప్పనిసరి.

గారెలు వండు మూకుటిలో నీటిచుక్క పడిన నూనె చిందుట అందరెరిగినదే. ఒక లీటరు నీరు ఆవిరియైన సుమారు 1,600 లీటర్లగును. కొత్త గొట్టములలో తడి మిగిలియుండగా తొందరపడి కాచినచో, ఆ ఆవిరి తొట్టిలోని నూనెను పైకి చిమ్మును. కనుక తొలిసారి మెల్లగా కాచి, 100 నుండి 110 డిగ్రీల వద్ద ఆవిరియంతయు తొట్టి ద్వారా వెడలిపోవువరకు నిలుపవలెను.

చేతికందిన పాత డ్రమ్మును పైకెక్కించి ఇదియే తొట్టియనుకొనుట చౌకబేరము కాదు. యజమానులను మేము కోరునది ఒక్కటే: తొట్టి కొలతను లెక్క కట్టి నిర్ణయింపుడు. దాని క్రింద పనిచేయువారి ప్రాణములు ఆ లెక్కపై ఆధారపడియున్నవి.