హీట్ పంపు: ఆగిన పంకా

చలిదేశములలో ఇండ్లను వెచ్చజేయుటకు నేడు హీట్ పంపులు విరివిగా వాడుకలో నున్నవి. బావినుండి చేదతో నీరు తోడినట్లు, ఈ యంత్రము బయటి గాలినుండి వేడిమిని తోడి ఇంటిలోనికి చేర్చును. గడ్డకట్టు చలిలో వేడిమి ఎక్కడిదను సందేహము కలుగవచ్చును. సున్న సెంటిగ్రేడు డిగ్రీ అనగా పరమశూన్యముకంటె 273 డిగ్రీలు ఎక్కువ. యంత్రపు గొట్టములలోని ద్రవము గాలికంటె చల్లగ నుండును గనుక, వేడిమి గాలినుండి దానిలోనికి ప్రవహించును. విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, 1852లోనే ఇట్టి యంత్రమును సూచించెను. తెలుగునాట ఇండ్లలోని ఎయిర్ కండిషనరు చేయు పనియు ఇదియే. దిశ మాత్రము వేరు.

బయటి గొట్టములపైకి ఎడతెగక కొత్తగాలిని తెచ్చునది పంకా. చలికాలములో అది ఆగినచో గొట్టములపై మంచు పేరుకొని వేడిమి అందదు. వేసవిలో ఇంటిని చల్లబరచునపుడు ఆగినచో, వేడిమి బయటికి పోలేక పీడనము పెరిగి, యంత్రమునకు గుండెకాయవంటి కంప్రెసరు చెడిపోవచ్చును. చిన్న లోపమును ఉపేక్షించుటవలన పెద్ద నష్టము కలుగుట ఇట్లే.

అయితే ఆగిన ప్రతి పంకాయు చెడినది కాదు. పేరుకొన్న మంచును కరగించుటకు యంత్రము అప్పుడప్పుడు తన దిశను మార్చుకొని, ఇంటి వేడిమిని బయటి గొట్టములకు పంపును. అపుడు పంకా తనంతట ఆగును, ఆవిరియు లేచును. అది పొగయని భయపడనక్కరలేదు. సామాన్యముగ పది, పదునైదు నిమిషములలో పంకా మరల తిరుగును.

అట్లు తిరుగక, మోటారు గుంయిమని మ్రోగుచున్నచో కారణము వెదకవలెను. ఒక్క ఫేజు విద్యుత్తువలన మోటారులోని అయస్కాంత క్షేత్రము ఊగునే గాని తిరుగదు. రెండవ తీగచుట్టలోని ప్రవాహమును కొంచెము ముందునకు జరిపి క్షేత్రమును త్రిప్పునది కెపాసిటరు. ఇంటిలోని సీలింగు పంకా నెమ్మదించుటకు సామాన్యముగ కారణమగు చిన్న పెట్టె ఇదియే.

మొదట మెయిన్ స్విచ్చి ఆపి, రెక్కను చేతితో త్రిప్పి చూడవలెను. సులభముగ తిరిగినచో కెపాసిటరును అనుమానింపవచ్చును. బిగుసుకొన్నచో పుల్లయో మంచుగడ్డయో అడ్డుపడి యుండవచ్చును, లేదా బేరింగులు అరిగి యుండవచ్చును. కొంతసేపు తిరిగి, వేడెక్కి ఆగి, చల్లారిన పిదప మరల తిరుగుచున్నచో, మోటారే క్షీణించుచున్నదని ఎక్కువగ అనుమానింపవలెను. మ్రోతయే లేనిచో విద్యుత్తు అందుటలేదు, లేదా లోపలి చుట్ట తెగినది.

కెపాసిటరుపై 5 మైక్రోఫారడులని యుండి, మీటరు 3 చూపినచో దానిని మార్చవలెను. కాని స్విచ్చి ఆపిన తరువాతను అందులో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. కావున మూత తెరచుట, ఆ విద్యుత్తును విడుదల చేయుట పనివాని వంతు. అనేక కొత్త యంత్రములలో పంకా మోటారును ఎలక్ట్రానిక్ పలక నడుపును. వానికి ఈ కెపాసిటరు ఉండదు.

గృహస్థుడు చూచి, విని, స్విచ్చి ఆపి, తాను గమనించినది పనివానికి స్పష్టముగ చెప్పిన చాలును. చిన్న కెపాసిటరుతో తీరు లోపమునకు మోటారునంతయు మార్చు ఖర్చు తప్పును.